లంక అంతా తగలబడుతోందా? శ్రీలంక యాత్రలపై అపోహలు - వాస్తవాలు

మాది ముమ్మిడివరం దగ్గర ఊరు. పదమూడేళ్ళుగా శ్రీలంకకు యాత్రికులను తీసుకెళ్తున్నాను. ద్రాక్షారామం మాణిక్యాంబను రోజూ తలుచుకునే మనవాళ్ళకు అష్టాదశ పీఠాల్లో మొదటిదైన శాంకరీదేవిని చూడాలని ఉంటుంది. ఆ తల్లి ట్రింకోమలీలో, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ మీద, కోణేశ్వరం గుడి దగ్గర ఉంది. 2022లో శ్రీలంకలో డాలర్లు కరువై, పెట్రోలూ మందులూ దొరక్క జనం రోడ్డెక్కారు. ఆ తర్వాత ఈ యాత్ర గురించి నన్ను అడిగే ప్రశ్నలు మారిపోయాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: టీవీలో చూపించినట్టే దేశమంతా ఉంటుంది.

వాస్తవం: 2022 జూలై 9న కొలంబోలో జనం అధ్యక్ష భవనంలోకి చొరబడ్డారు. 13న అప్పటి అధ్యక్షుడు గోటబయ రాజపక్స దేశం విడిచిపోయారు, మర్నాడు రాజీనామా పంపారు. అంతా నిజమే. అక్కడికి దాదాపు 260 కిలోమీటర్ల దూరంలో, ట్రింకోమలీలో, మా డ్రైవర్ మాత్రం పెట్రోలు క్యూలో ఉన్నాడు. అతని ఊళ్ళో రాళ్ళూ లేవు, మంటలూ లేవు. బండి కదలడానికి చుక్క పెట్రోలు లేదు, అంతే.

ఇది కోనసీమవాళ్ళకు చెప్పక్కర్లేదు. అదే ఏడాది మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టినప్పుడు హైదరాబాద్ బంధువులంతా మాకు ఫోన్లు చేశారు. మా వీధిలో ఆ రోజు కూడా కొబ్బరి వలుపు ఆగలేదు. ఇంటర్నెట్ తీసేశారు, మాకు తగిలిన దెబ్బ అది. టికెట్లు చూసుకోవడానికి ఎదుర్లంక వారధి దాటి యానాం వెళ్ళేవాణ్ణి.

అపోహ: అంత కష్టంలోనూ నవ్వుతున్నారంటే వాళ్ళకు ఆశలు తక్కువ, ఉన్నదాంతో సరిపెట్టుకునే మనుషులు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. 2022 జూలైలో క్యూఆర్ కోడ్ పద్ధతి పెట్టి, త్రీవీలర్‌కు వారానికి 5 లీటర్ల పెట్రోలు ఇచ్చారు. (అక్కడ ఆటోని త్రీవీలర్ అంటారు.) మా డ్రైవర్‌కు ఉన్నది త్రీవీలరే. ఆ 5 లీటర్లతో వారమంతా ఇల్లు గడవాలి. అంతకు ముందు మార్చిలో క్యూల్లో నిలబడీ నిలబడీ ప్రాణాలు పోగొట్టుకున్న పెద్దవాళ్ళున్నారు. ఇదంతా ఎవరూ నవ్వుతూ భరించలేదు.

2023 ఫిబ్రవరిలో శివరాత్రికి 22 మందితో వెళ్ళాను. డ్రైవర్ మమ్మల్నందరినీ తన ఇంటికి పిలిచాడు. వాళ్ళావిడ ఇడియప్పం, దాని మీదకు కొబ్బరిపాలతో చేసిన సొది పెట్టింది. మా గుంపులో ఒక పిన్నిగారు రెండోసారి వడ్డించుకుంటూ, "ఇన్ని ఇబ్బందుల్లో ఇంత సంతోషంగా ఎలా ఉన్నావు బాబూ?" అని అడిగారు. నేను తమిళంలో అతనికి చెప్పాను. అతను కాస్త ఆలోచించి చెప్పాడు: "పొద్దున్న పాపని స్కూల్లో దింపాను. మీరొచ్చారు. రాత్రికి ఇంట్లో ఉంటాను. ఇవి నా చేతిలో ఉన్నాయి. నా చేతిలో లేనివాటి కోసం మా తమ్ముడు కొలంబో వెళ్ళి గాల్ ఫేస్‌లో నిరసనకు కూర్చున్నాడు."

తృప్తీ, నిరసనా రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి. ఆ గాల్ ఫేస్ మైదానంలోనే 2022 ఏప్రిల్‌లో నిరసనకారులు వాళ్ళ ఉగాది చేసుకున్నారు, కొబ్బరిపాలతో వండిన అన్నం, కిరిబత్, పంచుకున్నారు. పండగ చేసుకున్నారు కదా అని వాళ్ళకు కోపం లేదనుకుంటే మనం ఏమీ చూడనట్టే.

అపోహ: వాళ్ళకే తిండికి కష్టం, మనం వెళ్తే భారం.

వాస్తవం: 2018లో దాదాపు 23 లక్షల మంది విదేశీయులు శ్రీలంక వచ్చారు. 2019 ఈస్టర్ బాంబులు, ఆ వెంటనే కరోనా. డాలర్లు తెచ్చే దారుల్లో పెద్దదొకటి మూసుకుపోయింది. పన్నులు తగ్గించడం, రసాయన ఎరువుల నిషేధం, పాత అప్పులు కూడా తోడయ్యాయి. 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టలేమని ప్రభుత్వం ప్రకటించింది. పెట్రోలైనా మందులైనా డాలరుంటేనే ఓడ దిగుతాయి. మనం గదికీ బండికీ ఇచ్చే డబ్బు అక్కడికే చేరుతుంది. 2024కి యాత్రికులు మళ్ళీ 20 లక్షలు దాటారు, దేశాలవారీగా చూస్తే మనవాళ్ళే అందరికన్నా ఎక్కువ.

అపోహ: ఇబ్బందుల్లో ఉన్నారు, గట్టిగా బేరమాడితే సగానికి వస్తారు.

వాస్తవం: వస్తారు. అందుకే ఆడకండి.

అపోహ: గొడవ మొదలైతే రద్దు చేసుకోవడం ఒక్కటే దారి.

వాస్తవం: వాయిదా వేసుకోవచ్చు. ముందు భారత హైకమిషన్ సూచనలు చూడండి. కర్ఫ్యూ ఉన్నప్పుడు ఎయిర్‌పోర్టుకు వెళ్ళేవాళ్ళు పాస్‌పోర్టు, విమానం టికెట్ చేతిలో ఉంచుకోవాలి. నిరసనల దగ్గర ఫోన్ బయటికి తీయకండి. పెట్రోలే దొరకనప్పుడు మాత్రం వెళ్ళకండి. 2022 జూలైలో మా యాత్ర నేనే ఆపేశాను, డ్రైవర్‌కు ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి అడగలేదు.

ఆ మాట చెప్పడానికి ఫోన్ చేసింది సరిగ్గా మాకు వరద వచ్చిన వారంలో. ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటింది, గోదావరి పాయల మధ్య ఉండే మా లంక ఊళ్ళలోకి నీళ్ళొచ్చేశాయి. నేను నోరు విప్పేలోపే అతను పెట్రోలు క్యూలోంచి అడిగాడు: "అన్నా, మీ దగ్గర వరదంట కదా, ఇంట్లో అందరూ బాగున్నారా?"