కిట్ ఉందా మేడమ్?: ప్రాథమిక తరగతుల్లో స్టెమ్ గురించి అపోహలు, వాస్తవాలు

డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) నుంచి ఇంటర్న్‌షిప్‌కి వచ్చే ఛాత్రోపాధ్యాయులకు మా ప్రాథమిక పాఠశాలలో మార్గదర్శక టీచర్‌ని నేను. ఈ మధ్య వచ్చేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "స్టెమ్ యాక్టివిటీ చేయించాలి, కిట్ ఉందా మేడమ్?" సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం నాలుగూ కలిసి వచ్చే పనిని పిల్లలే సొంతంగా చేసి నేర్చుకోవాలన్నది స్టెమ్ ఉద్దేశం. ఉద్దేశంతో నాకు పేచీ లేదు. దాని చుట్టూ పేరుకున్న అపోహలతోనే పేచీ. డీఎల్‌ఎడ్ (ప్రాథమిక టీచర్ల డిప్లొమా) చదువుతున్నవాళ్లూ, కొత్తగా ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) ఉద్యోగంలో చేరినవాళ్లూ వీటిని ఒకసారి చూసుకుంటే బాగుంటుంది.

అపోహ: స్టెమ్ అంటే ల్యాబ్ ఉండాలి, రోబో ఉండాలి

కేంద్ర ప్రభుత్వ పథకం కింద బడుల్లో పెట్టే అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల ఫొటోలు చూసి చాలామంది ఇలా అనుకుంటున్నారు. త్రీడీ ప్రింటర్లు, సెన్సర్లు ఉండే ఆ ల్యాబ్‌లు 6 నుంచి 12 తరగతుల వాళ్లకోసం పెట్టినవి. మూడో తరగతి పిల్లకి వాటితో పని లేదు.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పల్లెటూరి బడుల్లో ఒక సైన్స్ కార్యక్రమం మొదలైంది. పిల్లలే ప్రయోగాలు చేసి నేర్చుకోవాలన్నది దాని పద్ధతి. కొన్నేళ్లకు అక్కడికి వెళ్లిన అరవింద్ గుప్తా అనే ఇంజినీరు అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో ఆకారాలు కట్టించడం మొదలుపెట్టారు. పిల్లలు చతురస్రం కట్టి వేలితో నెడితే పక్కకు ఒరిగిపోతుంది. త్రిభుజం ఒరగదు. చతురస్రానికి ఐమూలగా ఇంకో పుల్ల పెడితే అదీ నిలబడుతుంది. ఇప్పుడు పిల్లల్ని బయటికి తీసుకెళ్లి కరెంటు టవర్ చూపించండి, రేకుల షెడ్డు కింద ఇనుప కమ్మీలు చూపించండి. త్రిభుజాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వాళ్లే లెక్కపెడతారు. వాల్వు ట్యూబు దొరక్కపోతే అట్టముక్కల పట్టీలకు చివర రంధ్రాలు చేసి దారంతో కట్టినా సరిపోతుంది.

అపోహ: పిల్లల చేతికి వస్తువు ఇస్తే చాలు, నేర్చుకుంటారు

మునిగేవి, తేలేవి పాఠం ఎలా సాగుతుందో చూడండి. బకెట్లో నీళ్లు. మేకు, ఆకు, రాయి, ప్లాస్టిక్ మూత ఒక్కొక్కటే వేస్తారు. "మునిగింది!" "తేలింది!" అని పిల్లలు అరుస్తారు. బోర్డు మీద పట్టిక నిండుతుంది. పర్యవేక్షణకు వచ్చిన లెక్చరర్ కూడా సంతోషంగా వెళ్తారు. కానీ "బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలుతాయి" అనే నమ్మకంతో వచ్చిన పిల్లాడు అదే నమ్మకంతో ఇంటికి వెళ్తాడు. దాన్ని కదిలించే పని ఆ పీరియడ్‌లో ఎవరూ చేయలేదు మరి.

అదే బకెట్లో ముందు తొక్కతో ఉన్న కమలాపండు వేయండి. తేలుతుంది. తొక్క తీస్తే ఏమవుతుందో చేతులెత్తించి ఓటు వేయించండి, నోటుబుక్కులో రాయించండి. తొక్క తీసేస్తే పండు బరువు తగ్గుతుంది కాబట్టి ఇంకా బాగా తేలుతుందని ఎక్కువమంది అంటారు. మునుగుతుంది! తొక్కలో గాలి ఇరుక్కుని ఉంటుందన్న సంగతి మీరు అప్పుడే చెప్పెయ్యకండి. తొక్కముక్కను నీళ్లలో నొక్కి చూడమనండి, బుడగలు వస్తాయేమో చూస్తారు.

తర్వాత బంకమన్ను. ఉండ చేసి వేస్తే మునుగుతుంది. అదే మన్నును గిన్నెలా ఒత్తి జాగ్రత్తగా వదిలితే తేలుతుంది. మన్ను మారలేదు, బరువు మారలేదు. ఎవరి గిన్నె ఎక్కువ రూపాయి బిళ్లలు మోస్తుందో పోటీ పెట్టండి. మొదటిసారి మునిగిన గిన్నెను అంచు పెంచి, అడుగు పలచన చేసి మళ్లీ వదులుతారు చూడండి, ఇంజినీరింగ్ అంటే అదే. ముందు ఒక ఊహ చెప్పించడం, తర్వాత "ఎందుకు అలా అయింది?" అని మాట్లాడించడం, ఈ రెండింటి మధ్యలో ఉంటేనే చేతిపనికి విలువ.

అపోహ: పుస్తకంలో ఉన్నట్టు రాకపోతే ప్రయోగం ఫెయిలైనట్టే

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే.

మొక్కకు ఎండ కావాలి అని చెప్పడానికి ఛాత్రోపాధ్యాయులు దాదాపు అందరూ ఎంచుకునేది పెసల ప్రయోగం. తడి దూది వేసిన రెండు గ్లాసుల్లో పెసలు వేసి, ఒకటి కిటికీ దగ్గర, ఒకటి అట్టపెట్టెలో పెడతారు. పెట్టెలోది పెరగదని లెసన్ ప్లాన్‌లో ముందే రాసుకుని ఉంటారు. వారం తర్వాత తీసి చూస్తే పెట్టెలోని మొలకలే పొడుగ్గా ఉంటాయి! ఇక టెన్షన్. "ఇది తేడా వచ్చింది మేడమ్, పిల్లలకు చూపించకుండా పక్కన పెట్టనా?"

పక్కన పెడితే అసలు పాఠమే పోతుంది. విత్తనం మొలవడానికి కావాల్సిన ఆహారం పప్పులోనే ఉంది, దానికి వెలుతురు అక్కర్లేదు. చీకట్లో మొలిచిన మొక్క ఉన్న ఆహారమంతా పొడుగు సాగడానికే పెట్టేస్తుంది. మట్టి కింద నుంచి వెలుతురులోకి రావడానికి మొక్కకు ఉన్న ఉపాయం అది. అందుకే కాండం సన్నగా, ఆకులు పాలిపోయి పసుపుపచ్చగా ఉంటాయి. ఇంకొన్నాళ్లు అలాగే ఉంచితే వాలిపోతాయి. కిటికీ దగ్గరివి పొట్టిగా, ఆకుపచ్చగా, గట్టిగా ఉంటాయి.

"రెండింటిలో ఏది బాగా పెరిగింది?" అని అడగండి. తరగతి రెండు జట్లుగా చీలిపోతుంది. పొడుగుదని కొందరు, పచ్చగా ఉన్నదని కొందరు. పెరగడమంటే ఏమిటో, దాన్ని ఎలా కొలవాలో వాళ్లే తేల్చుకోవాలి. రోజూ స్కేలుతో కొలిచి రాయిస్తే కొలతల పాఠం కూడా అందులోనే అయిపోతుంది. పెట్టెలోని గ్లాసును ఎండలోకి మార్చి ఆకులు రంగు మారడం చూపించడం మాత్రం మరిచిపోవద్దు. రెండు గ్లాసులకూ నీళ్లు సమానంగా పోసే బాధ్యత ఒకే పిల్లకు అప్పగించండి. లేదంటే తేడా వెలుతురు వల్ల వచ్చిందో, నీళ్ల వల్ల వచ్చిందో చెప్పలేం.

ఇలాంటిదే ఇంకోటి. టార్చి బల్బులు దొరకక ఎల్‌ఈడీ కొనుక్కొచ్చి, ఒక్క సెల్లుకు కలిపి వెలగలేదని పాఠం ఆపేస్తారు. ఒక్క సెల్లు ఇచ్చే 1.5 వోల్టులు మామూలు ఎల్‌ఈడీకి చాలవు. రెండు సెల్లులు వరుసగా కలపాలి, పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి. తిప్పి కలిపితే వెలగదన్న సంగతి పిల్లలే కనిపెట్టనివ్వండి.

అపోహ: చప్పట్లు కొట్టించే ప్రయోగమే మంచి ప్రయోగం

వంటసోడా మీద నిమ్మరసం పోసి, ఎర్రరంగు కలిపి "అగ్నిపర్వతం" అనడం మీరు చూసే ఉంటారు. అగ్నిపర్వతంలో వంటసోడా ఉండదు. అక్కడ కరిగిన రాయి, అందులో ఒత్తిడితో ఇమిడి ఉన్న వాయువులు ఉంటాయి. నిమ్మరసంలోని ఆమ్లం, వంటసోడా కలిస్తే వాయువు వస్తుందని చూపించడానికైతే పనికొస్తుంది, అలాగే చెప్పండి.

కొవ్వొత్తి ప్రయోగం ఇంతకంటే పెద్ద చిక్కు. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో వెలిగించిన కొవ్వొత్తి పెట్టి, మీద గాజుగ్లాసు బోర్లిస్తారు. కొవ్వొత్తి ఆరిపోయి నీళ్లు లోపలికి ఎక్కుతాయి. "లోపలి ఆక్సిజన్ అంతా అయిపోయింది, అది గాలిలో ఐదోవంతు కాబట్టి నీళ్లు ఐదోవంతు ఎక్కాయి" అని చెప్పేస్తారు. ఇది తప్పు. గ్లాసులోని ఆక్సిజన్ పూర్తిగా అయిపోకముందే మంట ఆరిపోతుంది. నీళ్లు ఎక్కడానికి ముఖ్య కారణం వేడి. మంటకు వ్యాకోచించిన గాలి కొంత బుడగలుగా బయటికి పోతుంది, మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుంటుంది, అప్పుడు నీళ్లు లోపలికి వస్తాయి. నమ్మకం కుదరకపోతే అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెట్టి చూడండి. ఆక్సిజన్ అంతే ఉన్నా నీళ్లు ఇంకా పైకి ఎక్కుతాయి. మంట ఉన్న ప్రయోగం కాబట్టి టీచరే చేయాలి, పిల్లలు చూసి ఊహ చెప్పాలి.

అపోహ: టీచర్‌కి జవాబులన్నీ తెలిసి ఉండాలి

"మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి నీడ ఉండదు" అని పిల్లలే కాదు, టీచర్లూ అంటారు. ఆవరణలో కర్ర పాతి, నీడ చివర గుర్తు పెట్టించండి. హైదరాబాద్‌లో నీడ పూర్తిగా మాయమయ్యేది ఏడాదికి రెండు రోజులే, మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి. మేలో సెలవులు, ఆగస్టులో మబ్బులు, మన అదృష్టం అంతే. అప్పుడు కూడా సరిగ్గా పన్నెండుకు కాదు, కాస్త తర్వాత. మన గడియారాలు కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి, హైదరాబాద్ దానికి పడమర ఉంది. ఇదంతా మీకు ముందే తెలియాలని లేదు. తెలియనప్పుడు "రేపు ఇదే టైముకు కొలిచి చూద్దాం" అంటే పిల్లల దగ్గర మీ పరువేమీ పోదు.

అపోహ: గోల అయిపోతుంది, సిలబస్ ఆగిపోతుంది

గోల ఉంటుంది, నిజమే. సామాన్లు పంచాక సూచనలు చెప్పబోతే మీ మాట ఎవరూ వినరు. ముందు చెప్పి, ఒకరి చేత తిరిగి చెప్పించి, ఆఖరున పంచండి. నలుగురేసి జట్లు చేసి, సామాను పట్టుకునే పిల్ల రోజూ మారేలా చూడండి. చూడకపోతే చురుకైన ఒక అబ్బాయి అన్నీ లాక్కుంటాడు, మిగతావాళ్లు ముఖ్యంగా ఆడపిల్లలు రాతపనిలో మిగిలిపోతారు. ప్రతి పాఠానికీ ప్రయోగం అంటగట్టాల్సిన పని కూడా లేదు. మన పండుగల పాఠానికి థర్మాకోల్ మోడల్ ఎందుకు? ఇంట్లో అమ్మమ్మను అడిగి రమ్మంటే చాలు.

అపోహ: చిన్న వస్తువులే కదా, ప్రమాదం ఏముంటుంది

బొమ్మల్లో ఉండే బటన్ సెల్లులు, చిన్న గట్టి అయస్కాంతాలు ఒకటి రెండు తరగతుల దగ్గరికి తేవద్దు. మింగితే ప్రాణం మీదికి వస్తుంది. అయస్కాంతం కావాలంటే పాత స్పీకర్‌లోని పెద్ద రింగు వాడండి. గోడలోని ప్లగ్గుకు ఏదీ కలపవద్దు, టార్చి సెల్లులు చాలు. ఎన్ని సెల్లులు, ఎన్ని ఎల్‌ఈడీలు పంచారో బోర్డు మూల రాసిపెట్టి, బెల్లు కొట్టకముందే ఆ లెక్కకు తిరిగి తీసుకోండి.