అపోహలు – వాస్తవాలు: లైబ్రరీ సిబ్బందికి ఆన్‌లైన్ శిక్షణ

నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. ఈ పనిలోకి వచ్చి ఇరవై రెండేళ్లు దాటింది. ఐదారేళ్లుగా మా జిల్లాలో కాలేజీ లైబ్రరీల్లోనూ శాఖా గ్రంథాలయాల్లోనూ పనిచేసే కొందరం కలిసి ఆన్‌లైన్ కోర్సులు చేస్తున్నాం. ఎవరైనా ఎక్కడైనా ఆగిపోతే ఫోన్ చేస్తారు. నాకు తెలిసింది చెప్తాను, తెలియకపోతే ఇద్దరం కలిసి వెతుక్కుంటాం. ఆ ఫోన్లలో పాఠం కంటే ముందు వినిపించేవి అనుమానాలు. "అవన్నీ సర్టిఫికెట్ల కోసమే కదా మేడం", "ఈ వయసులో మాకెందుకండీ", "ఇంగ్లీషులో చెప్తే మాకేం ఎక్కుతుంది". వీటిలో కొన్ని ఉత్త అపోహలు. కొన్నిటిలో నిజం కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. అందుకే ఒక్కొక్కటీ తీసుకుని రాస్తున్నాను.

అపోహ: లైబ్రరీ పని దగ్గరుండి నేర్పితేనే వస్తుంది, తెర మీద చూస్తే రాదు.

మన వృత్తిలో ఉన్నవాళ్లే ఈ మాట అంటే ఆశ్చర్యమేస్తుంది. మనలో ఎంతమంది బీఎల్ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్ డిగ్రీ) దూరవిద్యలో చదివారో ఒక్కసారి లెక్కేసుకోండి. ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉన్న సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో 1982లోనే మొదలైంది. ఇగ్నో 1985లో వచ్చింది. ఉద్యోగం చేసుకుంటూ, కాంటాక్ట్ క్లాసులకి బస్సెక్కి వెళ్లొచ్చి, మిగతా రోజుల్లో పుస్తకం ముందు పెట్టుకుని వర్గీకరణ నేర్చుకున్నవాళ్లం. విషయాన్ని బట్టి పుస్తకాలకి అంకెలిచ్చే డ్యూయీ వర్గీకరణ షెడ్యూళ్లు క్లాసులో చూసింది కొద్ది గంటలే. తెలుగు సాహిత్యానికి 894.827, నవలకీ కథకీ అయితే చివర 3 అని కంఠతా వచ్చింది మాత్రం రోజూ స్పైన్ లేబుళ్లు రాయడం వల్ల. వీడియో పాఠమూ అంతే. చూసినప్పుడు సగం వస్తుంది, మిగతా సగం మన టేబుల్ దగ్గర వస్తుంది.

చేతిపని సంగతి వేరు. పెళుసెక్కిన పాత పుస్తకానికి టిష్యూ అతికించడం, కుట్టు విప్పి మళ్లీ కుట్టడం వీడియో చూసి మొదలుపెట్టొద్దు. జిగురు ఎంత పలచగా ఉండాలో, కాగితం ఎటు తేలిగ్గా వంగుతుందో వేళ్లకే తెలియాలి. చిరిగిన పేజీకి సెలోటేప్ వేయకూడదని, కొన్నేళ్లకి టేపు ఊడిపోయి పసుపు మరక మిగులుతుందని ఆన్‌లైన్‌లో తెలుసుకోవచ్చు. మరమ్మతు మాత్రం తెలిసినవాళ్ల పక్కన కూర్చునే నేర్చుకోవాలి.

అపోహ: సర్టిఫికెట్ వచ్చిందంటే నేర్చుకున్నట్టే.

2020 లాక్‌డౌన్‌లో రోజుకి రెండు మూడు వెబినార్లు జరిగేవి. లింకు నొక్కి, ఫోన్ పక్కన పెట్టి, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం నింపితే సాయంత్రానికల్లా మెయిల్లో ఈ-సర్టిఫికెట్ వచ్చేది. ఒక వెబినార్‌లో ఫారం లింకు మొదటి పది నిమిషాల్లోనే ఇచ్చేశారు. వక్త గురించి పరిచయం ఇంకా పూర్తికాలేదు, చాట్‌లో "సబ్మిటెడ్ సర్", "సబ్మిటెడ్ మేడం" అని వరసగా పడిపోయాయి. ఆయన మాట్లాడటం మొదలుపెట్టేసరికి సగం మంది లేరు. నాకు చాలా బాధేసింది. ఆయన చెప్పింది లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహలో రిపోర్టులు మనమే రాసుకోవడం గురించి. అది మాకు నిజంగా కావాల్సిన పాఠం.

ఆ పాఠం విన్న వారంలోనే మా లైబ్రరీలో ఒక రిపోర్టు తీశాను. ఐదేళ్లుగా ఒక్కసారి కూడా ఇష్యూ కాని పుస్తకాల జాబితా అది. చదివేవాళ్లు లేరేమో అనుకుని ఆ కాగితం పట్టుకుని రాక్‌ల దగ్గరికి వెళ్లాను. చాలా పుస్తకాలు వాటి చోట లేవు. స్టాటిస్టిక్స్ పుస్తకాలు ఎకనామిక్స్‌లో, వృక్షశాస్త్రం వ్యవసాయంలో కలిసిపోయి ఉన్నాయి. కొన్నిటికి లేబులే ఊడిపోయింది. పిల్లలు వెతికి, దొరక్క, వెళ్లిపోయిన పుస్తకాలన్నమాట. సరైన చోట పెట్టిన నెలలోనే వాటిలో కొన్ని బయటికి వెళ్లాయి. అందుకే ఎవరైనా ఫలానా కోర్సు పూర్తి చేశామని చెప్తే నేను అడిగేది ఒక్కటే: దానివల్ల ఈ వారం మీ లైబ్రరీలో ఏం మారింది?

అపోహ: ఇంగ్లీషు బాగా వస్తేనే ఆన్‌లైన్ కోర్సు.

మనం రోజంతా వాడే మాటలు ఏమిటి? అక్సెషన్ రిజిస్టర్, కాల్ నంబర్, ఇష్యూ, రెన్యూవల్, ఓవర్‌డ్యూ. కోర్సులో వినిపించే మాటల్లో చాలావరకు ఇవే. వీడియో వేగం 0.75కి తగ్గించుకుని, కింద అక్షరాలు వచ్చేలా పెట్టుకుని చూస్తే చాలామందికి రెండో వారానికి భయం పోతుంది. అయినా ఇంగ్లీషు ఇబ్బంది అబద్ధమని నేను అనను. తెలుగులో పాఠాలు ఇంకా చాలా రావాలి, మనమే చేయాలి.

భాష కంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ ముందుగా హెచ్చరించరు. ఆ పాఠాల్లో ఉదాహరణలు మనవి కావు. క్యాటలాగింగ్ కోర్సు ఏది తీసుకున్నా మొదటి వారంలోనే ఒక సూత్రం చెప్తారు: రచయిత పేరులో చివరి మాట ఇంటిపేరు, దాన్ని ముందుకు తెచ్చి కామా పెట్టండి. వాళ్ల పేర్లకి అది సరిపోతుంది. మనకి ఇంటిపేరు ముందే ఉంటుంది. ఆ సూత్రం పట్టుకుని, కంప్యూటర్ రికార్డులో రచయిత పేరుకి కేటాయించిన మార్క్ 100 ఫీల్డ్ నింపితే విశ్వనాథ సత్యనారాయణ కాస్తా "సత్యనారాయణ, విశ్వనాథ" అయిపోతారు.

మా దగ్గర అదే జరిగింది. ఒక అమ్మాయి వచ్చి విశ్వనాథ నవల కావాలంది. ఓపాక్‌లో, అంటే పాఠకులు వెతికే కంప్యూటర్ క్యాటలాగ్‌లో, వెతికితే ఒక్కటే వచ్చింది, అదీ ఇష్యూలో ఉంది. లేదమ్మా అని పంపించేశాను. సాయంత్రం రాక్ సర్దుతుంటే అదే నవల ఇంకో మూడు కాపీలు కనిపించాయి. మర్నాడు కూర్చుని చూస్తే ఒకే మనిషి మా క్యాటలాగ్‌లో మూడు రకాలుగా ఉన్నారు. ఒకటి మనం పలికే వరసలో, ఒకటి తిరగేసి కామాతో, మూడోది ఇంగ్లీషు అక్షరాల్లో. తర్వాత మిగతావాళ్లని చూశాను. శ్రీశ్రీ ఒక చోట, శ్రీరంగం శ్రీనివాసరావు ఇంకో చోట. రావిశాస్త్రి వేరు, రాచకొండ విశ్వనాథశాస్త్రి వేరు. పొడి అక్షరాల దగ్గర "ఎం." అని కొన్ని, "యం." అని కొన్ని. మూడు వారాలు పట్టింది సరిచేయడానికి. ఒక రూపం ఖాయం చేసుకుని, మిగతా రూపాలన్నీ అథారిటీ రికార్డులో (ఒక్కో పేరుకి ఖాయం చేసిన రూపాన్ని ఉంచే రికార్డు) 400 ఫీల్డ్‌లో పెట్టాం. అవి ఆ ఖాయం చేసిన పేరుకి దారి చూపిస్తాయి.

ఇది నేను ఏ కోర్సులోనూ నేర్చుకోలేదు. అయితే అథారిటీ రికార్డు అనేది ఒకటుంటుందని, 400 ఫీల్డ్ అందుకే ఉందని తెలిసింది మాత్రం ఆన్‌లైన్ కోర్సులోనే. దాన్ని మన పేర్లకి ఎలా వాడాలో మనం ఆలోచించుకోవాలి.

ఇంకో రెండు సంగతులు కూడా చెప్పాలి. పాత రికార్డులు యూనికోడ్ కాని "అను" అనే తెలుగు ఫాంటుల్లో టైపు చేసి ఉంటే అవి తెర మీద తెలుగులా కనిపించినా కంప్యూటర్‌కి తెలుగు కాదు. అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్‌లోకి మార్చేదాకా వెతికినా దొరకవు. యూనికోడ్‌లోనే ఉన్నా కోహలో వెతుకుడు సరిగా పనిచేయకపోతే, ఆ వెతుకుడుని నడిపే జీబ్రా ఇండెక్సింగ్, అన్ని భాషల అక్షరాలకీ పనికొచ్చే ఐసీయూ పద్ధతిలో ఉందో లేదో మీ సాంకేతిక సిబ్బందిని అడగండి. ఇంగ్లీషు కోసం పెట్టిన మామూలు అమరికతో తెలుగు పదాలు సరిగా దొరకవు. ఈ ఒక్క మార్పుతో ఒక తోటి లైబ్రేరియన్ సమస్య గంటలో తీరిపోయింది. ఏడాదిగా సాఫ్ట్‌వేర్ మంచిది కాదని అనుకుంటున్నారు పాపం.

అపోహ: ఫ్రీ కోర్సుల్లో సరుకుండదు.

2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయంలో పాఠాలు వినడానికి డబ్బు కట్టక్కర్లేదు. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. ఈ-పీజీ పాఠశాలలో లైబ్రరీ సైన్స్ పీజీ స్థాయి పాఠాలున్నాయి, యూజీసీ నెట్ పరీక్షకి చదివేవాళ్లకి కూడా పనికొస్తాయి. అమెరికాలో లైబ్రరీల సహకార సంస్థ ఓసీఎల్‌సీ 2003 నుంచి నడుపుతున్న వెబ్‌జంక్షన్‌లోనూ ఉచిత కోర్సులున్నాయి. అక్కడి చట్టాలు, అక్కడి ఈ-బుక్ కంపెనీల గురించి ఉన్నవి వదిలేయండి. కోపంగా వచ్చిన పాఠకుడితో ఎలా మాట్లాడాలి, పిల్లలకి కథల గంట ఎలా నడపాలి లాంటివి మాత్రం ఏ దేశంలోనైనా ఒకటే. కోహ మాన్యువల్ పూర్తిగా ఉచితం. నా దృష్టిలో చాలా వర్క్‌షాపుల కంటే అదే మెరుగు.

జాగ్రత్తపడాల్సింది పాఠం వయసు విషయంలో. ఏ వెర్షన్ మీద రికార్డు చేశారో చూసుకోండి. పాత వెర్షన్ వీడియోలో ఉన్న మెనూ మీ తెర మీద కనపడకపోతే తప్పు మీది కాదు.

అపోహ: ఆన్‌లైన్ కోర్సులు ప్రమోషన్‌కి లెక్కలోకి రావు.

యూజీసీ 2018 నిబంధనల్లో కాలేజీ, యూనివర్సిటీ లైబ్రేరియన్ల పదోన్నతికి చెప్పిన అర్హతల్లో ఈ-సర్టిఫికెట్ ఉన్న మూక్ (అందరూ చేరగల ఆన్‌లైన్) కోర్సు కూడా ఉంది. ఏ దశకి ఏది కావాలో వేరువేరుగా ఉంటుంది కాబట్టి చేరకముందే ఆ పట్టిక చదువుకోండి. జిల్లా గ్రంథాలయ సంస్థల్లో పనిచేసేవాళ్ల సర్వీసు నిబంధనలు వేరు, అక్కడ మీ కార్యాలయంలో అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది.

అపోహ: వీడియోలో చూపించినట్టు మన సిస్టమ్‌లో వెంటనే చేసేయొచ్చు.

చేయకండి. ఒక కాలేజీలో పనిచేసే తమ్ముడు లాంటి కుర్రాడు, చాలా చురుకైనవాడు, ఒకేసారి ఎక్కువ పుస్తకాల వివరాలు మార్చే పాఠం చూసి అసలు డేటాబేస్‌లోనే ప్రయత్నించాడు. బార్‌కోడ్‌ల జాబితాలో పొరపాటు దొర్లింది. నాలుగు వేల పుస్తకాలు, బయటికి ఇవ్వని రిఫరెన్స్ కిందికి వెళ్లిపోయాయి. పొద్దున్నే పిల్లలు క్యూలో ఉంటే ఏ పుస్తకమూ ఇష్యూ కావడం లేదు. టెన్షన్‌తో గొంతు వణుకుతూ ఫోన్ చేశాడు. ముందు రాత్రి బ్యాకప్ ఉంది కాబట్టి మధ్యాహ్నానికి గట్టెక్కాడు. ఆ తర్వాత మేం పక్కన పడేసిన పాత కంప్యూటర్ ఒకటి తీసుకుని, అందులో కోహ ఇన్‌స్టాల్ చేసి, ఐదు వందల రికార్డులు ఎక్కించుకున్నాం. ఏ పాఠమైనా ముందు అక్కడే చేస్తాం. ఎన్ని తప్పులైనా చేయొచ్చు, ఎవరి పుస్తకమూ ఆగిపోదు.

అపోహ: రిటైర్మెంట్ దగ్గరపడ్డవాళ్లకి ఇవన్నీ అనవసరం.

మా బృందంలో ఒక శాఖా గ్రంథాలయం అక్క ఉన్నారు. ఇంకో రెండేళ్ల సర్వీసు ఉంది. మౌస్ పట్టుకోవడానికే ఇబ్బంది పడేవారు. ఆవిడ లైబ్రరీకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే పిల్లలు. సిలబస్ మారిందా, నోటిఫికేషన్ నిజమేనా అని ఆవిడనే అడుగుతారు. ఆవిడ కోర్సులో చేరింది ఆ పిల్లల కోసమే. ప్రభుత్వ వెబ్‌సైటు అసలుదో కాదో చిరునామా చూసి ఎలా గుర్తించాలో ముందు ఆవిడ నేర్చుకున్నారు, తర్వాత చార్టు మీద తెలుగులో రాసి రీడింగ్ రూమ్ గోడకి అంటించారు. ఉత్తుత్తి నోటిఫికేషన్ చూసి డబ్బు కట్టబోయిన ఒక అబ్బాయి ఆ చార్టు చదివి ఆగాడు. క్యాటలాగ్ గురించి మాలో చాలామందికి తెలిసినంత ఆవిడకి తెలియదు. కానీ టైటిల్స్‌లో అక్షర దోషాలు పట్టుకోవడంలో ఆవిడంత కన్ను మాకెవరికీ లేదు. మా రికార్డులన్నీ ఇప్పుడు ఒకసారి ఆవిడ చూశాకే లోపలికి వెళ్తాయి.

"టైం లేదు"

దీన్ని అపోహ అనడానికి నాకు మనసొప్పదు. రెండు పూటలా తెరిచే శాఖా గ్రంథాలయంలో చాలాచోట్ల మనిషి ఒక్కరే. తలుపు తీయడం, పేపర్లు సర్దడం, రిజిస్టర్ రాయడం, డిపాజిట్ లెక్కలు, కరెంటు పోతే లైన్‌మన్‌కి ఫోన్, అన్నీ ఆ ఒక్కరే. "కోర్సు ఇంటికెళ్లి చూసుకోండి" అనే అధికారులకి నేను గౌరవంగా చెప్పేది ఇదే: అది లైబ్రరీ కోసం చేసే పని, లైబ్రరీ వేళల్లోనే దానికి చోటివ్వాలి. మా ప్రిన్సిపాల్ గారిని అడిగితే బుధవారం మధ్యాహ్నం ఒక గంట రాతపూర్వకంగా ఇచ్చారు. ఆ కాగితం చూపించి ఇంకో ముగ్గురు తమ కాలేజీల్లో తెచ్చుకున్నారు. శాఖా గ్రంథాలయాల వాళ్లకి ఇంకా రాలేదు, అడుగుతూనే ఉన్నాం. అప్పటిదాకా వాళ్ల కోసం వీడియోలు ఇరవై నిమిషాల ముక్కలుగా ఫోన్లోకి దించి ఇస్తున్నాం.

వచ్చే బుధవారం పాఠం మళ్లీ రచయితల పేర్ల మీదే. ప్రతి ఒక్కరూ తమ క్యాటలాగ్‌లో రెండు రకాలుగా ఉన్న పది పేర్లు రాసుకుని రావాలి. అక్క ఇప్పటికే పద్నాలుగు పంపించారు.