ఇథియోపియా వెళ్తున్నారా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

ఇథియోపియా దక్షిణాన, వొలైటా జాతివాళ్ళ ప్రధాన పట్టణం సోడోలో కొన్నేళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి వచ్చాను. అక్కడ లెక్చరర్ ఉద్యోగం వచ్చినవాళ్ళు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. ఎవరు చేసినా అడిగేది ఒకటే: "సార్, అమ్హారిక్ భాష నాలుగు ముక్కలొస్తే చాలు కదా? అక్కడి తెగలన్నీ ఒకటేనట కదా?"

అపోహ: దక్షిణాది వాళ్ళంతా ఒకటే.

వాస్తవం: 2020 దాకా ఒకే రాష్ట్రంగా ఉన్న ఆ ప్రాంతంలో 50కి పైగా జాతులున్నాయి. 2020లో సిదామా, 2021లో నైరుతి ప్రాంతం విడిపోయాయి. 2023లో మిగిలింది కూడా రెండయింది. యూట్యూబ్‌లో చూసిన పాత మ్యాప్ పట్టుకుని వెళ్ళకండి.

ఈ పొరపాటు నేనూ చేశాను. మొదటి నెలలోనే క్లాసులో "వొలైటా, గామో భాషలు దాదాపు ఒకటే కదా" అనేశాను. వెనక బెంచీలో గామో కుర్రాడు చప్పుడు చేయకుండా నోట్‌బుక్ మూసేశాడు. సాయంత్రం మట్టికూజాలోంచి కాఫీ వంచుతూ తోటి లెక్చరర్ అసలు సంగతి చెప్పాడు. 1990ల చివర్లో వొలైటా, గామో, గోఫా, దావ్రో నాలుగింటినీ కలిపి 'వొగాగోడా' అని ఒక భాష తయారుచేసి, బడి పుస్తకాలు కూడా అచ్చువేశారట. 1999లో సోడోలో జనం రోడ్డెక్కారు, ప్రాణాలు పోయాయి. పుస్తకాలు వెనక్కి తీసుకున్నారు. 2000లో వొలైటా విడిగా జోన్ (మన జిల్లా లాంటిది) అయింది. ఆ భాషలు దగ్గరివే, కాదనను. అయితే మాత్రం? మన సినిమాల్లో తన యాస కమెడియన్ నోట్లోనే విన్న కుర్రాడికి ఇది వివరించనక్కర్లేదు. నా స్టూడెంట్ మళ్ళీ నోట్‌బుక్ తెరవడానికి రెండు వారాలు పట్టింది.

అపోహ: ఇథియోపియాను ఎవరూ జయించలేదు.

వాస్తవం: 1896లో అద్వా దగ్గర ఇథియోపియా చక్రవర్తి మెనెలిక్ సేనలు ఇటలీని చిత్తుగా ఓడించిన మాట నిజం. 1936 నుంచి 1941 దాకా అదే ఇటలీ ఆక్రమించుకున్నదీ నిజమే. సోడోలో గుర్తుండే సంవత్సరం మాత్రం 1894. వొలైటా రాజు తోనాను ఓడించి ఆ రాజ్యాన్ని కలిపేసుకున్నది మెనెలిక్ సేనలే. అద్వా గురించి ఊగిపోతూ పాఠం చెప్పేముందు ఎదురుగా ఎవరు కూర్చున్నారో చూసుకోండి.

అపోహ: అక్కడంతా అడవి మనుషులు.

ఇది విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. కొండవాలు పొడవునా రాతిగోడలు కట్టి మెట్లమెట్లుగా పంట పండించే కొన్సో జాతివాళ్ళ ఊళ్ళు 2011 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి.

శాకాహారులు టెన్షన్ పడకండి. బుధ, శుక్రవారాల్లో ఆర్థడాక్స్ క్రైస్తవులు మాంసం, పాలు ముట్టరు కాబట్టి హోటళ్ళలో ఉపవాస భోజనం దొరుకుతుంది. ఎన్‌సెట్ చెట్టు అచ్చం అరటిలా ఉంటుంది, పండు మాత్రం తినరు. దాని కాండం గుజ్జు పులియబెట్టి చేసే కొచో రొట్టె పుల్లగా ఉంటుంది, అలవాటవుతుంది.

టైమ్ సంగతి. అక్కడ గంటల లెక్క తెల్లవారుజామున ఆరింటి నుంచి మొదలవుతుంది. బస్సు "రెండింటికి" అంటే నేను మధ్యాహ్నం భోంచేసి తీరిగ్గా వెళ్ళాను. అది పొద్దున ఎనిమిదికే వెళ్ళిపోయింది.