ఒక్క అక్షరం తప్పు

మొన్న ఒక బారసాలలో పాప అమ్మమ్మ నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగింది. "గ్రహణం రోజు మా అమ్మాయి కూరగాయలు తరిగింది బాబూ. దానివల్లేనా ఇది?" పాప నుదుటి మీద కుడివైపు, పైరెప్ప దాకా, నేరేడుపండు పిండినట్టు ఎర్రటి మచ్చ. వేలితో నొక్కితే అక్కడ తెల్లబడింది. వేలు తీయగానే మళ్ళీ ఎర్రగా నిండింది. అంటే అది చర్మం రంగు కాదు, రక్తం. చర్మంలోని సన్నటి రక్తనాళాలు వెడల్పయి ఉన్నాయి.

ఇది పోర్ట్‌వైన్ మచ్చ. వెయ్యిమంది పిల్లల్లో సుమారు ముగ్గురికి ఉంటుంది. ఎక్కువమందికి మచ్చే తప్ప వేరే బాధ ఉండదు. నుదుటి మీద ఉన్నప్పుడు మాత్రం కొందరిలో మెదడు పైపొరలోని రక్తనాళాలు, కన్ను కూడా దెబ్బతింటాయి. దాని పేరు స్టర్జ్-వెబర్ సిండ్రోమ్. 1879లోనే లండన్‌లో విలియం స్టర్జ్ అనే డాక్టరు, ముఖం మీద మచ్చతో పాటు ఫిట్స్ వస్తున్న ఒక చిన్నారిని చూసి, మెదడు మీదా ఇలాంటి మచ్చే ఉండాలని ఊహించాడు.

మరి గ్రహణం కాకపోతే ఏమిటి? ఒకప్పుడు ఇళ్ళకు ఉత్తరాలొచ్చేవి, "ఇది చదివి పదిమందికి రాసి పంపండి" అని. వందో ఉత్తరం రాసేవాడు ఒక అక్షరం తప్పు రాశాడనుకోండి. అతని నుంచి వెళ్ళిన ప్రతి నకలులోనూ, ఆ నకళ్ళ నకళ్ళలోనూ అదే తప్పు ఉంటుంది. మిగతా ఊళ్ళకు వెళ్ళినవన్నీ శుభ్రంగానే ఉంటాయి. కడుపులో పిండం పెరిగేది ఇలాగే, కణం విడిపోయిన ప్రతిసారీ డీఎన్ఏ అనే ఉత్తరాన్ని తిరగరాసుకుంటూ. మొదటి ఉత్తరంలోనే ఈ తప్పు ఉంటే పిండం బతకదని శాస్త్రవేత్తల అంచనా. తల్లిదండ్రుల ఉత్తరాల్లో తప్పు లేదు. మధ్యలో ఎక్కడో ఒక కణం చేయి జారింది, అంతే. మామూలు రక్తపరీక్షలో సాధారణంగా దొరకకపోవడానికీ కారణం ఇదే. మచ్చ ఉన్న చోటి నుంచి తీసిన ముక్కలోనే వెతకాలి.

2013లో ఆ అక్షరం దొరికింది. జీఎన్‌ఏక్యూ అనే జన్యువులో 548వ అక్షరం జీ బదులు ఏ. దాంతో ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 183వ స్థానంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం పోయి గ్లుటమిన్ అనే మరొకటి వస్తుంది. ఈ ప్రోటీన్ కణంలో ఒక స్విచ్. జీటీపీ అనే చిన్న అణువును పట్టుకుంటే ఆన్, దాన్ని విరగ్గొడితే ఆఫ్. విరగ్గొట్టడానికి ఆ ఆర్జినిన్ కావాలి. అది లేకపోతే స్విచ్ సరిగా ఆఫ్ కాదు, రక్తనాళాలు అదుపుతప్పి పెరుగుతాయి. స్టర్జ్-వెబర్ ఉన్న 26 మందిలో 23 మందికి ఈ తప్పు కనిపించింది. ఉత్త మచ్చే ఉన్న 13 మందిలో 12 మందికీ ఇదే! తప్పు ఒకటే, జారిన వేళ వేరు అని పరిశోధకుల వాదన. తొందరగా జారితే చర్మం, కన్ను, మెదడు పొర మూడింటికీ నకళ్ళు చేరతాయి. ఆలస్యంగా జారితే చర్మానికే. తప్పు నకళ్ళు ఆ ముక్కల్లో 1 నుంచి 18 శాతమే ఉన్నా ఇంత ప్రభావం!

బడిలో జన్యువులంటే తాత ముక్కు మనవడికి రావడమని చెప్పి వదిలేస్తాం. అందుకే పుట్టుకతో వచ్చిందనగానే వంశాన్ని తవ్వుతారు, లేదా తల్లిని నిందిస్తారు. ఆ అమ్మాయి మూడు వారాలుగా ఏడుస్తూనే ఉందట. నీ తప్పేం లేదు, తర్వాతి బిడ్డకు వస్తుందని టెన్షన్ పడక్కర్లేదు అని పక్కన కూర్చుని చెప్పాను.

"మరి ఇప్పుడేం చేయాలి?" అంది అమ్మమ్మ. ఈ వారమే కంటి డాక్టరుకి చూపించమన్నాను. కంట్లో ఒత్తిడి పెరిగే గ్లకోమా పుట్టగానే మొదలవ్వచ్చు. కంట్లోంచి నీరు కారడం, వెలుతురు చూడలేక మొహం తిప్పుకోవడం, నల్లగుడ్డు పెద్దదవడం దాని గుర్తులు. ఒక చేయి, ఒక కాలు మాత్రమే కొట్టుకుంటే అది ఫిట్స్ కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అమ్మమ్మ పాపను కిటికీ దగ్గరికి ఎత్తుకెళ్ళి, రెండు కళ్ళూ మార్చి మార్చి చూసింది.