ముందు ఎవరి చేనికి గట్టు?

ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టంపై వాదన మళ్లీ రాజుకుంది. వంద రోజుల పనిని 125 రోజులకు పెంచామని కేంద్రం అంటోంది. ఖర్చులో 40 శాతం రాష్ట్రాల నెత్తిన పెట్టారని ప్రతిపక్షాలు అంటున్నాయి. మహాత్మాగాంధీ పేరు పోయి ‘వీబీ-జీ రామ్ జీ’ (వికసిత్ భారత్ - గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ - గ్రామీణ్) రావడం మీద జరిగిన రభస సరేసరి. ఇంత చర్చలోనూ మట్టి ప్రస్తావన లేదు. ఇరవై ఏళ్లుగా మెట్ట చేలకు గట్లు వేసింది, వాలు మీద కందకాలు తవ్వింది, వంకలకు అడ్డంగా రాళ్లు పేర్చింది ఎక్కువగా ఉపాధి కూలీలే. చట్టం మారితే వాళ్ల కూలితో పాటు ఆ గట్ల సంగతీ మారుతుంది.

బ్రిటిష్ కాలపు కరువు పనులు, 1973-74లో మొదలైన కరువు పీడిత ప్రాంతాల పథకం, ఆ తర్వాత వచ్చిన ఎడారి అభివృద్ధి పథకం, అన్నీ కరువు నేలల్లో పనుల కోసం వచ్చినవే. నేటి వివాదం అర్థం కావాలంటే నేరుగా 1994కు వెళ్లాలి.

ఆ ఏడాది ఏప్రిల్‌లో, తెలుగువాడైన ఆర్థికవేత్త సి.హెచ్.హనుమంతరావు నాయకత్వంలోని కమిటీ ఆ రెండు పథకాల మీద నివేదిక ఇచ్చింది. రెండు దశాబ్దాల ఖర్చుకు తగిన ఫలితం కనిపించలేదని, ఏ శాఖకు ఆ శాఖ తోచిన చోట పని చేసుకుంటూ పోయిందని, ఊరి జనానికి అందులో చోటే లేదని తేల్చింది. దాని ఆధారంగా రూపొందిన మార్గదర్శకాలు 1995 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఒక్కో వాటర్‌షెడ్, అంటే వాన నీరంతా ఒకే వాగులోకి చేరే ప్రాంతం, సుమారు 500 హెక్టార్లు. హెక్టారుకు 4,000 రూపాయల లెక్కన నాలుగేళ్ల పని. పనుల సొమ్ము ఊరి సంఘం ఖాతాకే వస్తుంది. సొంత పొలంలో పని చేయించుకునే రైతు కనీసం పది శాతం వాటా పెట్టుకోవాలి.

వీటితో పాటు ఊళ్లలోకి వచ్చిన నియమం ఒకటుంది: పని పైనుంచి కిందికి జరగాలి. ముందు గుట్ట, తర్వాత దాని వాలు, ఆ తర్వాత చేలు, అన్నిటికన్నా చివర వాగు. నా దృష్టిలో మొత్తం కథ ఈ ఒక్క నియమం చుట్టే తిరుగుతుంది.

ఇందులో ఇంజనీరింగ్ అందరికీ తెలిసిందే. నీళ్లకు వాలు దొరికితే వేగం పెరుగుతుంది, వేగంతో పాటు మట్టిని మోసుకుపోయే బలమూ పెరుగుతుంది. పైన మోకాలెత్తు గట్టు ఆపగలిగిన నీటిని కింద కాంక్రీటు గోడ కూడా ఆపలేదు. ఒకవేళ ఆపినా, పైనుంచి వచ్చిన మట్టితో నాలుగు వానలకే ఆ గోడ వెనక భాగం పూడిపోతుంది. అయితే పైనున్న పొలాలు ఎవరివి? రాయలసీమ ఊళ్లలో గుట్ట వాలున ఉండేవి ఎక్కువగా డీకేటీ పట్టా భూములు, అంటే ప్రభుత్వం దళితులకు, ఇతర పేదలకు పంచిన పలచటి గరుసు నేలలు. కింద వంక పక్కన ఉండేవి బావులు, బోర్లు ఉన్నవాళ్ల మాగాణి. కాబట్టి పైనుంచి కిందికి అన్న మాట అమలైతే సర్కారు సొమ్ము ముందుగా పేదవాడి చేనికే చేరుతుంది. అది తిరగబడితే ఎవరికి చేరుతుందో వేరే చెప్పనక్కరలేదు.

తిరగబడింది కూడా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1997లో పదేళ్లలో కోటి హెక్టార్లను బాగు చేస్తామని ప్రణాళిక వేసింది. 2000లో నీటి సంరక్షణ కార్యక్రమం ‘నీరు-మీరు’ వచ్చింది. ఈ పనిని పట్టుదలతో తలకెత్తుకుంది, ఆ మేరకు గుర్తించాల్సిందే. కానీ పథకం పేరులోకి నీరు వచ్చి మట్టి తప్పుకుంది. జనం నోట వాటర్‌షెడ్ అంటే చెక్‌డ్యాం, అంటే వంకకు అడ్డంగా కట్టే చిన్న ఆనకట్ట, అనే అర్థం స్థిరపడింది. చెక్‌డ్యాం కట్టడానికి కాంట్రాక్టరు ఉంటాడు, ప్రారంభానికి శిలాఫలకం ఉంటుంది, కింద బోరులో నీళ్లు పెరిగితే ఆ రైతు పదిమందికీ చెబుతాడు. గుట్ట కింద అరెకరం చేనిలో మట్టి కొట్టుకుపోకుండా మిగిలిందని చెప్పడానికి ఎవరొస్తారు? పైగా పది శాతం వాటాను కూలి డబ్బుల్లోంచే కోశారన్న ఫిర్యాదులు అప్పట్లో చాలా ఊళ్ల నుంచి వచ్చాయి. 2003లో కేంద్రం తెచ్చిన హరియాలీ మార్గదర్శకాలు ఊరి సంఘాలను పక్కనపెట్టి బాధ్యతను పంచాయతీలకు ఇచ్చాయి, కానీ తగిన సాంకేతిక సిబ్బందిని ఇవ్వలేదు.

మట్టి పోవడం కంటికి ఆనని నష్టం. అనంతపురం చేలలో వేరుశనగ కోతల తర్వాత చూడండి. వరిలా కొయ్యలు మిగలవు, మొక్కను వేళ్లతో సహా పీకేస్తారు. ఆ పీకుడుకు నేలంతా గుల్లబారుతుంది. అక్కడి నుంచి మళ్లీ తొలకరి దాకా దాని మీద ఆకు నీడ కూడా ఉండదు. వేసవి గాలికి కొంత లేచిపోతుంది. ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్ల చిల్లర పడే వానలో చాలా భాగం నాలుగైదు జడివానల్లోనే పడుతుంది, ఎర్ర నీళ్లు పారేది ఆ రోజుల్లోనే. వాన వెలిశాక చేనులోకి వెళ్తే పాదాల కింద మెత్తదనం ఉండదు, గులకరాళ్లు గుచ్చుకుంటాయి. రైతు దాన్ని ‘గరుసు తేలింది’ అంటాడు. అంతకు మించి లెక్క అతని దగ్గర ఉండదు. దేశం మొత్తానికి 1983లో వేసిన అంచనా ప్రకారం ఏటా 533 కోట్ల టన్నుల మట్టి కదిలిపోతోంది, హెక్టారుకు సగటున 16 టన్నులకు పైగా. అందులో పదో వంతు జలాశయాల్లో చేరుతోంది. అనంతపురానికి ఎగువ కాలువ ద్వారా నీళ్లిచ్చే తుంగభద్ర జలాశయం 1953లో 133 టీఎంసీలు పట్టేది. పూడిక వల్ల ఇప్పుడు 105 టీఎంసీల చిల్లరే పడుతోంది. పై రాష్ట్రపు చేలలో గట్టు లేకపోతే కింది రాష్ట్రపు కాలువలో నీళ్లు తగ్గుతాయి.

ఈ పరిస్థితుల్లో 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. కూలి గురించి చాలా రాశారు, నేను పొలాల గురించి రాస్తాను. ఆ చట్టం మొదటి షెడ్యూలు (చేయదగ్గ పనుల జాబితా) ప్రైవేటు భూముల్లో పనికి ముందుగా అనుమతించింది ఎస్సీ, ఎస్టీల భూముల్లో, భూసంస్కరణల లబ్ధిదారుల, ఇందిరా ఆవాస్ ఇళ్ల పథకం లబ్ధిదారుల భూముల్లోనే. అంటే ఎక్కువగా గుట్ట వాలు పొలాల్లో. పదేళ్ల కిందటి నియమం పక్కదారి పట్టాక పేదవాడి చేనికి గడ్డపార మళ్లీ ఈ దారిలో చేరింది. యంత్రాలు, కాంట్రాక్టర్లు రాకూడదన్నారు. 2009 జూలైలో సన్న, చిన్నకారు రైతుల పొలాలకూ తలుపు తెరిచారు.

రాయలసీమలో దీన్ని ఇప్పటికీ చాలామంది ‘కరువు పని’ అనే అంటారు. వేసవిలో తెల్లవారకముందే బయలుదేరతారు, ఎండ ముదిరేలోపు కొలత పూర్తి కావాలి. మగవాళ్లు గడ్డపారతో పెళ్లగిస్తే ఆడవాళ్లు తట్టలతో ఎత్తి గట్టు మీద పోస్తారు. తవ్విన గుంత మధ్యలో ఒక మట్టి దిమ్మను ముట్టుకోకుండా వదిలేస్తారు. ఎంత లోతు తవ్వారో ఆ దిమ్మ చెబుతుంది, కూలి దాన్ని బట్టే కడతారు. ఈ పనిని గుంతలు తవ్వి పూడ్చడంగా మాట్లాడేవాళ్లు ఒక్కసారి ఆ దిమ్మ పక్కన నిలబడి, ఎదురుగా లేచిన గట్టును కూడా చూడాలి. 2015 ఫిబ్రవరిలో ప్రధాని లోక్‌సభలో ఈ పథకాన్ని కాంగ్రెస్ వైఫల్యాలకు స్మారకమన్నారు. ఆ మాట అన్నది రాజకీయ ప్రత్యర్థులనే కావచ్చు, తగిలింది మాత్రం తట్ట మోసినవాళ్లకు.

కొత్త చట్టాన్ని సమర్థించేవారి ప్రధాన వాదన పాత పనులు నిలవలేదన్నది. కొంతవరకు నిజం, చాలా గట్లు తెగిపోయాయి. ఎందుకు తెగాయో చూడాలి కదా. ఉపాధి హామీలో పొలం పనికి రైతు పేరు మీద, సర్వే నంబరు మీద అంచనా వేస్తారు. పక్క చేనికి ఈ ఏడు మంజూరు కాకపోతే గట్టు హద్దు దగ్గరే ఆగిపోతుంది. నీళ్లకు హద్దురాయి తెలియదు, పైన గట్టు లేని చేనులోంచి వచ్చి కింద ఉన్న గట్టును తెంపుతాయి. మిగులు నీరు పొర్లిపోవడానికి రాళ్లతో దారి కట్టాలంటే సామగ్రి నిధి కావాలి, అది ఆలస్యమవుతుంది. వాటర్‌షెడ్ పథకంలో వాలు మొత్తానికీ పటం ఉంది, కానీ కూలీలకు హామీ లేదు. ఉపాధి పథకంలో కూలీలకు హామీ ఉంది, పటం లేదు. ఈ రెంటినీ కలపాలని ఎన్నో ఏళ్లుగా కాగితాల మీద రాస్తూనే ఉన్నారు. 2021లో మొదలైన కేంద్ర వాటర్‌షెడ్ పథకం రెండో దశలో మైదాన ప్రాంతాలకు హెక్టారుకు 22,000 రూపాయలు ఇచ్చారు. దాని లక్ష్యం దేశమంతటికీ కలిపి 49.5 లక్షల హెక్టార్లు. 1997లో మన రాష్ట్రం ఒక్కటే పెట్టుకున్న లక్ష్యంలో సగం.

ఇప్పుడు కొత్త చట్టం పనులను నాలుగు విభాగాలు చేసింది. మొదటిది జలభద్రత, తర్వాత గ్రామీణ మౌలిక వసతులు, జీవనోపాధి ఆస్తులు, విపత్తుల తీవ్రతను తగ్గించే పనులు. మట్టి పేరుతో ప్రత్యేక విభాగం లేదు. సాగు రద్దీ రోజుల్లో అరవై రోజుల వరకు పని ఆపే వీలు పెట్టడం మీద చాలా విమర్శ వచ్చింది. గట్ల వరకు అది పెద్ద అడ్డంకి కాదు, ఆ పని జరిగేది వేసవిలో. అసలు భయం డబ్బు దగ్గరుంది. ఇన్నాళ్లు నైపుణ్యం అక్కరలేని కూలి మొత్తం కేంద్రమే భరించేది, కాబట్టి మట్టి పని రాష్ట్రానికి భారమనిపించలేదు. ఇకపై ప్రతి వంద రూపాయల్లో నలభై తన ఖజానా నుంచి తీయాల్సిన ప్రభుత్వం ఆ డబ్బును కంటికి కనిపించే సిమెంటు రోడ్డుకు, పంచాయతీ భవనానికి పెడుతుందా, గుట్ట వాలున ఉన్న డీకేటీ చేనికి పెడుతుందా? 1995 తర్వాత ఏం జరిగిందో పైన చెప్పాను.

రాష్ట్రాలు తమ పథకాన్ని నోటిఫై చేసేటప్పుడు రెండు అంశాలు చేర్చే వీలుంది. పొలం పనులను సర్వే నంబరు వారీగా కాకుండా వాలు వారీగా మంజూరు చేయడం ఒకటి. ఆ వాలులో ఎగువన ఉన్న ఎస్సీ, ఎస్టీ, అసైన్డ్ (డీకేటీ) భూములకు మొదటి వరస ఇవ్వడం రెండోది. గ్రామసభల ముందు పెట్టే పనుల జాబితాలో ఈ రెండూ ఉన్నాయో లేదో ఊళ్లో ఎవరైనా అడిగి చూడవచ్చు. అనంతపురంలో తొలకరి జూన్‌లో పడుతుంది, గట్టు పని ఆలోపే అయిపోవాలి.