సింహద్వారం టేకు ఏ అడవిది?

విజయవాడలో ఇల్లు కట్టేవాళ్లు ఎక్కడ పొదుపు చేసినా సింహద్వారం దగ్గర మాత్రం టేకే కావాలంటారు. టింబర్ డిపోలో దుంగ చివర రంగుతో వేసిన నంబరు, కోసినచోట ముదురు చేవ, దాని చుట్టూ పాలిపోయిన తెల్లకర్ర. "ఇది ఘనా టేకండీ, బర్మాది కావాలంటే రేటు వేరు" అంటాడు డిపో ఆయన. మనం చేవ చూస్తాం, పగుళ్లు చూస్తాం. ఏ అడవిలో కొట్టారని మాత్రం అడగం.

1988 నవంబరులో దక్షిణ థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి, కొండల మీద నరికి పడేసిన దుంగలు మట్టితో సహా ఊళ్ల మీదికి కొట్టుకొచ్చాయి. రెండు నెలలు తిరక్కుండానే ప్రభుత్వం అడవుల్లో కలప కొట్టడం నిషేధించింది. మంచిపనే. కానీ సామిల్లులకు కర్ర కావాలి కదా, గొడ్డలి సరిహద్దు దాటి బర్మా అడవుల్లో పడింది. 1998 యాంగ్జీ వరదల తర్వాత చైనా కూడా తన అడవుల్లో నరికివేతకు కళ్లెం వేసి, బయటి కలప తెప్పించుకోవడం పెంచింది. 2014 ఏప్రిల్ నుంచి బర్మా దుంగల ఎగుమతి ఆపేసింది. ఒక దేశం అడవి బతికితే, ఆ భారం పక్క దేశం అడవి మీద పడుతోందన్నమాట.

మరి అందరూ కలిసి ఒప్పందం చేసుకోవచ్చుగా? 1992లో బ్రెజిల్‌లోని రియోలో జరిగిన ధరిత్రీ సదస్సులో ఆ ప్రయత్నం జరిగింది. వాతావరణానికీ, జీవవైవిధ్యానికీ ఒప్పందాలు కుదిరాయి. అడవులకు మాత్రం ఎవరినీ కట్టడి చేయని సూత్రాలే మిగిలాయి. తమ అడవులు ఎప్పుడో నరుక్కున్న దేశాలు ఇప్పుడు మాకు చెప్పడమేమిటని మలేషియా, మనదేశం గట్టిగా అడ్డుపడ్డాయి. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

దాంతో పగ్గాలు కొనేవాళ్ల చేతికొచ్చాయి. దొంగ కలప కొనడం నేరమని అమెరికా 2008లో చట్టం సవరించింది. చెట్టు కొట్టిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా చూపాలని యూరప్ 2023లో చట్టం చేసింది, అమలే వాయిదాలు పడుతోంది.

కాగితాలంటారా, ఎవరైనా పుట్టించగలరు. కర్ర అబద్ధమాడదు. సముద్రం మీంచి లోపలికి పోయే మేఘాల్లో బరువైన ఆక్సిజన్ (మామూలు దానికన్నా పరమాణువు బరువెక్కువున్న రకం) ఉన్న నీరు ముందుగా కురుస్తుంది. అందుకే సముద్రానికి దూరంగా పడే వానలో దాని పాలు తక్కువ. చెట్టు ఆ నీళ్లే తాగుతుంది, ఆ లెక్క దాని సెల్యులోజ్‌లో, అంటే కర్రలోని పీచు పదార్థంలో, నిలిచిపోతుంది. పిడికెడు రంపపు పొట్టుతో ల్యాబ్‌లో దాన్ని కొలవచ్చు. కాకపోతే పోల్చడానికి ఆయా అడవుల నమూనాలు ముందే దగ్గరుండాలి. అవి కావాలంటే ఆ దేశాల అటవీశాఖలు తలుపు తీయాలి.