ఆరేళ్లుగా ఎవరూ తీసుకెళ్లని పుస్తకం

అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం 1969లో 36,892 పుస్తకాలను కొత్తగా చేర్చుకుంది. వాటిలో 14,697 పుస్తకాలను మొదటి ఆరేళ్లలో ఒక్కరు కూడా ఇంటికి తీసుకెళ్లలేదు. అంటే వందకు దాదాపు నలభై. కొన్ననాడు ఒక పుస్తకం ఎప్పటికైనా పాఠకుడి చేతికి వెళ్లే అవకాశం సగానికి కాస్త పైన ఉంటుందనీ, రెండేళ్లు అరలోనే ఉండిపోతే అది నాలుగింట ఒక వంతుకూ, ఆరేళ్లు ఉండిపోతే యాభైలో ఒక వంతుకూ పడిపోతుందనీ అక్కడి పరిశోధకులు తేల్చారు.

అలెన్ కెంట్, ఆయన సహచరులు 1979లో ఈ ఫలితాలను పుస్తకంగా తెచ్చారు. అధ్యాపకులు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. అరల మధ్య నిలబడి తిరగేసినవీ, బల్ల దగ్గర చదివి వదిలేసినవీ ఇష్యూ రికార్డులకు ఎక్కవు కదా అన్నది వారి వాదన. పరిశోధకులు ఆ సంగతి మరిచిపోలేదు. గ్రంథాలయంలోనే కూర్చుని చదివిన పుస్తకాలను కూడా నమూనాగా తీసుకుని చూశారు. వాటిలో సుమారు ముప్పావు వంతు ఇళ్లకు కూడా వెళ్లినవేనని తేలింది. కాబట్టి లెక్క తప్పని నేను అనను. కాని అది ఒకే గ్రంథాలయం గోడల మధ్య ఆగిపోయిన లెక్క. ఈ పుస్తకం ఇక్కడ ఎవరికీ పట్టలేదని అది చెప్పగలదు. దీన్ని తీసేస్తే లోకంలో ఇంకెన్ని ప్రతులు మిగులుతాయో చెప్పలేదు. ఇటీవల విశ్వవిద్యాలయాల లైబ్రేరియన్లు చేస్తున్న పరిశోధనల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఈ రెండో ప్రశ్న మీద జరుగుతున్న పనే.

కొనుగోళ్ల తీరు కూడా మారింది. ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ లైబ్రేరియన్లు, వేరే గ్రంథాలయం నుంచి తెప్పించమని పాఠకులు అడిగిన పుస్తకాల్లో తగినవాటిని 2000 జనవరి నుంచి నేరుగా కొనడం మొదలుపెట్టారు. పదేళ్ల తర్వాత చూస్తే, మామూలు పద్ధతిలో కొన్నవాటికంటే ఇవే ఎక్కువగా పాఠకుల చేతుల్లోకి వెళ్లాయి. మంచి పద్ధతే. అయితే ముప్పై ఏళ్ల తర్వాత ఒక పరిశోధక విద్యార్థికి అవసరమయ్యే చిన్న కరపత్రం కావాలని ఇవాళ ఎవరు అడుగుతారు?

అరలు నిండిపోయి, కొత్త గదులకు డబ్బు లేక, గ్రంథాలయాలు పాత పుస్తకాలను ఏరివేయక తప్పదు. అందుకే అమెరికా తూర్పు రాష్ట్రాల్లోని విశ్వవిద్యాలయాలు, కళాశాలలు ఈస్టర్న్ అకడమిక్ స్కాలర్స్ ట్రస్ట్ పేరుతో ఒక ఒప్పందానికి వచ్చాయి. ఒక పుస్తకాన్ని కొన్ని గ్రంథాలయాలు ఉంచుతామని మాట ఇస్తే, మిగతావి దాన్ని నిశ్చింతగా తీసేయవచ్చు. కాని కేటలాగులో పేరున్నంత మాత్రాన పుస్తకం అరలో ఉన్నట్టేనా? అది తేల్చుకోవడానికి ఒక్కో గ్రంథాలయం తన కేటలాగు నుంచి 6,000 పుస్తకాలను యాదృచ్ఛికంగా ఎంచుకుని, సిబ్బందిని అరల దగ్గరకు పంపి వెతికించింది. మొత్తం మీద దాదాపు 97 శాతం పుస్తకాల ఆచూకీ దొరికింది.

ఇక్కడి నుంచి సంభావ్యత గణితం మొదలవుతుంది. ఒక ప్రతి కనబడకపోయే అవకాశం 3 శాతమైతే, రెండు వేర్వేరు గ్రంథాలయాల్లో రెండు ప్రతులూ కనబడకపోయే అవకాశం పది వేలలో 9 మాత్రమే. మూడు ప్రతులుంటే పది లక్షల్లో 27. వంద చోట్ల వంద ప్రతులు దాచనక్కర్లేదన్న ధైర్యం ఈ గుణకారం నుంచే వస్తుంది.

అయితే ఈ లెక్క ఒక ప్రతికి మరొకటి అచ్చంగా సాటి అనుకుంటుంది. వర్జీనియా విశ్వవిద్యాలయంలో 1923కు ముందు అచ్చయిన పుస్తకాలను తెరిచి చూసినప్పుడు సుమారు 12 శాతం వాటిలో పాత పాఠకుల జాడలు కనిపించాయి. అంచుల్లో రాతలు, కానుకగా ఇచ్చినప్పటి సంతకాలు, పుటల మధ్య ఎండిన పువ్వులు. మరో ప్రతిలో అవి ఉండవు.

అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. రెండు ప్రతులకు వచ్చే ఆపదలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే ఆ గుణకారం చెల్లుతుంది. నిజానికి ఒకచోట మాయమయ్యే పుస్తకమే మరోచోటా మాయమవుతుంది, ఎందుకంటే దాన్ని కాజేయాలని ఆశపడేవారు అన్నిచోట్లా ఉంటారు. కాగితం విషయంలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. చెక్కగుజ్జుతో, పటిక కలిపి చేసిన కాగితంలో ఆమ్లం పుట్టి పోగులను తెంపుతుంది. వేడి, తేమ పెరిగేకొద్దీ ఆ రసాయన చర్య వేగం పుంజుకుంటుంది. ఒకే కాగితం మీద అచ్చయి, ఒకే రకం ఎండకూ వానకూ గురైన పది ప్రతులు దాదాపు ఒకే కాలంలో పెళుసుబారతాయి. అప్పుడు పది ప్రతులున్నాయన్న లెక్క ఉత్త భ్రమ.

తెలుగు పుస్తకాల విషయంలో ఈ మాటకు మరింత బరువుంది. మన పాత పుస్తకాల్లో చాలావాటికి చౌక కాగితమే దిక్కయింది. పైగా అచ్చయిన ప్రతులే తక్కువ, అవీ ఎక్కువగా విజయవాడ, హైదరాబాద్, మద్రాసు లాంటి వేడి ఊళ్లలోనే మిగిలాయి. వాటికి ఒక వింత రక్షణ కూడా దొరికింది. పీఎల్-480 అనే ఆహార సాయం పథకం కింద అమెరికా మనకు అమ్మిన గోధుమలకు రూపాయల్లో ముట్టిన సొమ్ములో కొంత పెట్టి, 1962 నుంచి అమెరికా జాతీయ గ్రంథాలయం లాంటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. షికాగో, విస్కాన్సిన్ లాంటి చలి ప్రాంతాల అరల్లోకి తెలుగు పుస్తకాలు చేరింది అలాగే. వాతావరణం వేరు, భవనం వేరు కాబట్టి అక్కడి ఒక్క ప్రతి, ఇక్కడే ఉన్న మరో ప్రతి కంటే ఎక్కువ భరోసా ఇస్తుంది. అలాగని మన పుస్తకం చూడటానికి సముద్రం దాటాల్సి రావడం నాకు సమ్మతం కాదు.

ముందు మన దగ్గర ఏమున్నదో తెలియాలి. అరల దగ్గరకు వెళ్లి చూసే ఆ పరీక్షను మన విశ్వవిద్యాలయాలూ, జిల్లా కేంద్ర గ్రంథాలయాలూ చేయవచ్చు. 6,000 కూడా అక్కర్లేదు. కేటలాగు నుంచి యాదృచ్ఛికంగా 400 తెలుగు పుస్తకాలు ఎంచి వెతికితే, ఎన్ని ఉన్నాయో 5 శాతం అటూ ఇటూగా తేలుతుంది. దొరికిన ప్రతి పుస్తకంలో ఒక పుట మూలను మెల్లగా మడిచి చూస్తే కాగితం ఎంత పెళుసుబారిందో తెలుస్తుంది. వారం రోజులు ఇద్దరు మనుషులు, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు.